పగిలినవాటి బల్ల

పంపుల షెడ్డు,
ఆదివారం సాయంత్రం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. పన్నునొప్పి పోయిందని రాశావు. డాక్టరు పీకాడో, పక్కవాడు గుద్దితే ఊడిందో రాయలేదు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి రెండోదే అనుకుంటున్నాను. వానలు మొదలయ్యేసరికి విడుదల అంటున్నారు కదా, అప్పటిదాకా చేతులు జేబులో పెట్టుకుని కూర్చోరా. జైలు చొక్కాకి జేబులుండవని మళ్ళీ జోకులెయ్యకు.

నా సంగతులు అడిగావు. వారమంతా నీటి పరీక్షల ల్యాబులో సీసాలు కడగడం, లెక్కలు రాయడం. నేను బతికేది ఆదివారాలే. ఆఫీసువాళ్ళు పాత పంపుల షెడ్డు వాడుకోమన్నాక అందులో పిల్లలకి సైన్సు క్లబ్బు పెట్టానని చెప్పాను కదా. మొదట్లో ముగ్గురొచ్చారు, వాళ్ళూ ఫ్యాను గాలి కోసమే. ఇప్పుడు బెంచీలు చాలడం లేదు. సగం మంది బడి మానేసి స్తంభాలెక్కి తీగ కోసేవాళ్ళు. పైతొడుగు కాల్చేసి, లోపలి రాగిని తుక్కుకొట్టు గేటు దగ్గర అప్పజెబుతారు. గేటు దాటి లోపలికి వాళ్ళని రానివ్వరు. ఆ కొట్టు యజమాని నీకు కొత్తవాడా, నీ చేత కత్తి పట్టించిన మహానుభావుడే. పిల్లలు ఆయనకి అయస్కాంతం అని పేరు పెట్టారు. "అయస్కాంతానికి రాగి అంటుకోదు ల్యాబక్కా, ఈయనకి మాత్రం అంటుకుంటుంది" అంది ఒక పిల్ల.

ఆ పిల్ల సంగతి చెప్పాలి. నోరు తెరిస్తే "ఎందుకు" తప్ప వేరే మాట రాదు. అందుకని అందరూ ఎందుకమ్మ అంటారు. తల్లి లేదు. తండ్రి ఎక్కడో మిషను మీద పని చేస్తాడట, ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పదహారేళ్ళ పిల్ల నా బుర్ర తినేస్తోంది. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే గానీ మరుసటి ఆదివారం దానికి జవాబు చెప్పలేను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మూల ఒక ఇనపబల్ల వేశాను. పగిలింది, కాలింది, విరిగింది ఏదైనా దాని మీద పెట్టాలి. చేసినవాళ్ళు అందరి ముందూ నిలబడి అది ఎలా జరిగిందో చెప్పాలి. తిట్టడం లేదు, కొట్టడం లేదు, నవ్వడం లేదు. దాచడం మాత్రం కుదరదు. ఎలా జరిగిందో తేలేదాకా ఆ వస్తువు బల్ల దిగదు. మొదట్లో ఏడ్చేవాళ్ళు, ఇప్పుడు ఎవరి ముక్కలు వాళ్ళే చేతిలో పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు.

పోయిన నెల ఒక కుర్రాడు తీగకి అంటుకుని స్తంభం మీదే మాడిపోయాడు. మూడు వీధులకి వాసన కొట్టింది. వాడి స్నేహితుడు ఒకడు, తూనీగ అంటారు, వాణ్ణి లాగబోయి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు. ఆ ఆదివారం నేను వేరే పాఠమేదీ చెప్పలేదు. బ్యాటరీ, బల్బు, ఉప్పునీళ్ళు పెట్టి, చెమట పట్టిన ఒంట్లోంచి కరెంటు ఎలా పోతుందో వాళ్ళ చేతే చూపించాను. తూనీగ కట్లు కట్టిన చేతులతో ఆ బల్బు వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎవరూ స్తంభం ఎక్కలేదు. తూనీగ ఇప్పుడు దుర్భిణి చేస్తున్నాడు.

ఒళ్ళు జాగ్రత్త.

అక్క


జైలు, మూడో బ్యారక్

అక్కా,

పన్ను గుద్దితేనే ఊడింది. గుద్దినవాడికి రెండు ఊడాయి. దీన్ని కూడా నీ బల్ల మీద పెట్టుకో.

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. మావాళ్ళు ఎందుకమ్మ దగ్గర పగలబడి నవ్వారు. స్తంభం మీద కుర్రాడి దగ్గర ఒక్కడూ నవ్వలేదు. నా పక్క మంచం వాడు అలాంటి తీగ కోసినవాడే, ఆ పూట అన్నం ముట్టలేదు.

సరే గానీ నీకు ఒకటి తెలుస్తోందా? పిల్లలు స్తంభం ఎక్కడం మానేశారంటే అయస్కాంతం పొయ్యిలో నీళ్ళు పోశావన్నమాట. ఆయన్ని నేను దగ్గరగా చూశాను. ఆయన అరవడు, తిట్టడు. ఫలానావాడి సంగతి కాస్త చూడండి అంటాడు, అంతే, మిగతాది మేం చూసుకునేవాళ్ళం. ఒకసారి అలాగే మాట వినని బండివాడి మోకాలి చిప్పల మీద మేం సుత్తి దించుతుంటే, పక్కగదిలో కూర్చుని చల్లగా మజ్జిగ తాగాడు. నేను పొడిచినవాడి పేగులు నా మోచేతి మీద పడ్డప్పుడు కూడా ఆయన ముఖం మారలేదు.

నువ్వు ఆడమనిషివనో, ఆఫీసులో పనిచేస్తావనో ఆయన ఆలోచించడు. షెడ్డుకి మంచి తలుపు పెట్టించు. ఏదైనా తేడాగా అనిపిస్తే నాకు ఒక్క ముక్క రాయి. లోపలున్నా నా మాట బయట నడుస్తుంది. నువ్వు నన్ను పెంచావు. చిన్నప్పుడు నన్ను కొట్టినవాళ్ళ ఇంటికి చీపురు పట్టుకుని వెళ్ళావు. ఇప్పుడు నా వంతు.

తూనీగకి దుర్భిణి అయ్యాక చందమామ మీద కూడా జైళ్ళున్నాయేమో చూడమను.

నీ తమ్ముడు


ఇల్లు,
బుధవారం

తమ్ముడూ,

కోడిగీతల్లా ఉన్నాయని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి భుజం ఎముక విరిగింది.

మొన్న ఆదివారం పట్టపగలు వచ్చారు. ఇద్దరు. ముఖాలకి గుడ్డలు. ఒకడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, రెండోవాడు ఇనపగొట్టంతో లోపలికొచ్చాడు. ముందు సూక్ష్మదర్శిని పోయింది. తర్వాత సీసాల బీరువా. పిల్లలు బెంచీల కిందికి దూరారు. ఎందుకమ్మ ఒక్కతే ఆ పూట రాలేదు. ఒకమ్మాయి పాదంలో గాజుముక్క దిగి అరుస్తుంటే, గుమ్మం దగ్గరివాడు దాని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నేను అడ్డం వెళ్ళాను. గొట్టం నా భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడ్డాను, లేవబోతే కడుపులో తన్నాడు.

తూనీగ దుర్భిణిని ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. వదలమన్నాడు ఆ గొట్టంవాడు. వాడు వదల్లేదు. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి గొట్టం ఎత్తి ఎదురుగా నిలబడి కొట్టాడు. తూనీగ కుడికన్ను పోయింది. పోయిందంటే చూపు పోయిందని కాదు, కన్నే పోయింది. రెండో కన్ను కూడా అనుమానం అంటున్నారు. ఆసుపత్రిలో రెండిటికీ కట్లు కట్టి పడుకోబెట్టారు. వాడు నన్ను అడిగింది ఒక్కటే, అద్దం పగిలిందా అని. లేదని చెప్పాను. పొడిపొడి అయింది.

పోలీసులొచ్చి రాసుకుని వెళ్ళారు.

నువ్వు ఇది చదివి పళ్ళు కొరుకుతూ ఉంటావని తెలుసు. నిన్ను ఏమీ అడగడం లేదు. నా తరపున నువ్వు ఎవరి మీదా చెయ్యి చేసుకోకు, చేయించకు. అలా చేస్తే ఆ పిల్లలకి నేను చెప్పినదంతా బూడిదలో పోసినట్టే. వాళ్ళకి నువ్వు దూరంగా పనిలో ఉన్నావని చెప్పాను. జైలని చెప్పలేదు.

నొప్పిగా ఉంది, ఆపుతున్నాను.

అక్క


జైలు, ఒంటరి గది

అక్కా,

పేరు చెప్పు.

నీ ఉత్తరం చదివాక ఏం చేశానో నాకే సరిగ్గా గుర్తు లేదు. గోడకి నెత్తురుంది, కొంత నాది, కొంత వార్డరుది. అందుకే ఈ గదిలో పడేశారు. ఇక్కడ కాలు చాపితే తలుపుకి తగులుతుంది. పడుకుంటే నీ భుజం చప్పుడు వినిపిస్తోంది. నేను విననే లేదు కదా, అయినా వినిపిస్తోంది.

గుడ్డలు కట్టుకుంటే మాత్రం గొంతు ఉండదా, నడక ఉండదా? నీకు ఏదో ఒకటి తెలిసే ఉంటుంది. పోలీసులకి చెప్పొద్దు, నాకు చెప్పు. నీ బల్లా, నీ పాఠాలూ పిల్లల దగ్గర పెట్టుకో. నేను పిల్లాణ్ణి కాదు. నా అక్కని కడుపులో తన్నినవాడు రెండు కాళ్ళ మీద నడుస్తూ తిరుగుతుంటే, నేను ఇక్కడ సత్ప్రవర్తన కింద మొక్కలకి నీళ్ళు పోస్తూ కూర్చోవాలా?

ఒక్క పేరు.

తమ్ముడు


పంపుల షెడ్డు,
ఆదివారం

ప్రియమైన తమ్ముడికి,

నేను చెబుతుంటే ఎందుకమ్మ రాస్తోంది, కాబట్టి ఈసారి అక్షరాలు చదవడానికి నీకు కష్టం ఉండదు. నా భుజం మెల్లగా అతుకుతోంది. తూనీగకి ఎడమకన్ను దక్కుతుందని నిన్ననే చెప్పారు, కట్టు మాత్రం ఇంకా విప్పలేదు.

నువ్వు పేరు అడిగావు. మాకు తెలియదు. తెలిసినా నీకు రాయను. కానీ ఈ పిల్లలు చేసిన పని నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

దెబ్బలు తిన్న మర్నాడే షెడ్డు ఊడ్చేద్దామని మా ల్యాబులో పనిచేసే ఆయాని పిలిచాను. పిల్లలు అడ్డం నిలబడ్డారు. ఎలా జరిగిందో తేలకుండా ఒక్క ముక్క కూడా బల్ల దిగదన్నారు. ఇక చూడాలి వాళ్ళ హడావుడి. గాజుపెంకులన్నీ పడ్డచోటే ఉంచి సుద్దతో గీతలు గీశారు. గోనెసంచిలో ఇసక నింపి నా అంత ఎత్తున వేలాడదీశారు. ఒకడు కుడిచేత్తో, ఒకడు ఎడమచేత్తో, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి కర్రతో బాదారు. ఎదురుగా నిలబడినవాడు కొడితే నా కుడిభుజం మీద, తూనీగ కుడికంటి మీద అంత బలంగా దిగాలంటే కొట్టినవాడిది పుర్రచెయ్యే అయి ఉండాలని తేల్చారు. సుద్దపొడి డబ్బా ఒలికిపోయింది కదా, అందులో చెప్పుల గుర్తులున్నాయి. కుడి పాదం నిండుగా పడింది. ఎడమ పాదం ప్రతిచోటా ముందు వేళ్ళు ఈడ్చిన గీత ఉంది. మనిషి కాలు ఈడుస్తాడన్నమాట. రేకుగోడ మీది సొట్టల్ని బట్టి ఎత్తు కూడా లెక్కగట్టారు, తలుపు చట్రం కన్నా కొద్దిగా తక్కువ.

సొట్టల అంచులో ఒక చిన్న గాటు ఉందని ఎందుకమ్మే మొదట చూసింది. దాన్ని కొలుస్తానంది, కొలిచింది, ఇంకా సరిగ్గా తేలలేదని పక్కన పెట్టింది. మిగతావన్నీ కాగితం మీద రాసి అందరూ కలిసి ఇన్‌స్పెక్టరు గారికి ఇచ్చి వచ్చారు. ఆయన సొరుగులో పెట్టుకున్నారు. పిల్లలు ఆ సొరుగు దాకా వెళ్ళారు, నాకది చాలు. గొట్టం తెచ్చినవాడు ఈ పిల్లల్ని భయపెట్టి ఇంట్లో కూర్చోబెడదామనుకున్నాడు. వాళ్ళేమో ఆ దెబ్బనే పాఠం చేసుకున్నారు. ఇంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు.

నీ పని జాగ్రత్తగా చేసుకో. వేళకి తిను.

అక్క

ఇది నేనే ఎడమచేత్తో రాస్తున్నాను. పిల్ల ముందు జైలు మాట ఎత్తలేదు, కవరు మీద చిరునామా నేనే రాస్తాను. ఇవాళ దానికి ఒంట్లో బాగున్నట్టు లేదు. రాస్తూ రాస్తూ మధ్యలో చాలాసేపు ఆగిపోయింది. మంచినీళ్ళిచ్చి ఇంటికి పంపాను.


జైలు, మూడో బ్యారక్

అక్కా,

ఉత్తరం చదివి సంతోషించాను. పిల్లలు బాగా కనిపెట్టారు. రాసిన అమ్మాయి దస్తూరి ముత్యాల్లా ఉంది, నా ఆశీస్సులని చెప్పు.

నన్ను ఒంటరి గదిలోంచి తెచ్చేశారు. మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. వంకాయ మొక్క పూతకొచ్చింది. నువ్వు చెప్పినట్టే వేళకి తింటున్నాను. నా మీద బెంగ పెట్టుకోకు. పేరు ఇక అడగను.

భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టించుకో.

తమ్ముడు


ఇల్లు,
మంగళవారం

తమ్ముడూ,

నీ పోయిన ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నీ జన్మలో నువ్వు అంత శాంతంగా రాయలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వంకాయ పూత చూసి మురిసిపోయాను.

శనివారం తుక్కుకొట్టులో కోతమిషను దగ్గర ఒక మనిషిని పట్టుకున్నారు. నలుగురు. మూటలు మోసేవాళ్ళని బయటికి తరిమి గేటు వేశారు. ఆయన ఎడమచెయ్యిని మిషను బ్లేడు కింద పెట్టి మీట నొక్కారు. ఒకసారితో తెగలేదు. మళ్ళీ నొక్కారు. ఆయన అరుపులు రోడ్డు మీదికి వినిపించాయట. "ఇది అక్క భుజానికి" అన్నాడు వాళ్ళలో ఒకడు. గేటు సందులోంచి ఇద్దరు కూలీలు విన్నారు.

తండ్రికి భోజనం పట్టుకుని వెళ్ళిన కూతురు గేటెక్కి దూకింది. మోచేతి కింద ఏమీ లేదు. ఆ పిల్ల తన పైటగుడ్డ చింపి, గాయానికి పైన కట్టి, కర్రపుల్ల పెట్టి మెలితిప్పి బిగించింది. రక్తం ఆపడం ఎలాగో నేను నేర్పిన పద్ధతే. తప్పేమీ చేయలేదు, ఆసుపత్రి డాక్టరు కూడా అదే మాట అన్నాడు. అప్పటికే పోవాల్సిన రక్తం పోయింది. బండి ఎక్కించేలోపు ఆయన దాని ఒళ్ళోనే పోయాడు.

ఆ పిల్ల ఎందుకమ్మ.

నిన్న ఒంటి మీద ఎండిన మరకలతోనే నా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. రేకు సొట్టల్లో కనిపించిన గాటు తమ ఇంటి పెరట్లో కుళాయికి ఆనించిన గొట్టం మీద ఉందట. నాకు ఉత్తరం రాసిపెట్టిన వారమే అది తెలుసుకుంది. ఎవరికీ చెప్పకుండా తండ్రిని కూర్చోబెట్టి, తిట్టకుండా, ఏడవకుండా, ఎలా జరిగిందో చెప్పమని అడిగింది. మొదట బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడట. తర్వాత అంతా చెప్పాడు. వెళ్ళకపోతే కూతుర్ని స్తంభం ఎక్కిస్తానన్నాడట అయస్కాంతం. తూనీగ కన్ను గుర్తొచ్చి అన్నం సయించడం లేదని చెప్పి ఏడ్చాడట. ఆదివారం మా షెడ్డుకి వచ్చి బల్ల దగ్గర నిలబడతానని, ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు దగ్గర అయస్కాంతం పేరు చెబుతానని ఒప్పుకున్నాడు. శనివారం చంపేశారు.

ఇదంతా చెప్పి నన్ను అడిగింది.

"మేం ఇన్‌స్పెక్టరుకి ఇచ్చిన కాగితం ఇంకా సొరుగులోనే ఉంది, చూసొచ్చాను. పుర్రచెయ్యి, ఈడ్చేకాలు అని నా చేత్తో నేను ఇంకోచోట కూడా రాశాను కదా ల్యాబక్కా. ఆ ఉత్తరం ఎక్కడికి వెళ్ళింది? మీ తమ్ముడు ఏం పని చేస్తాడు?"

తలుపు పట్టుకుని నిలబడ్డాను. అది కాసేపు చూసి వెళ్ళిపోయింది.

నువ్వు కాదని రాయి. ఇంకేమీ వద్దు. నువ్వు కాదని ఒక్క ముక్క రాయి.

అక్క


జైలు

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. విడుదలైనవాడు ఒకడు పరీక్షకి నీళ్ళసీసా తెచ్చినట్టు మీ ల్యాబుకి తెచ్చి ఇస్తాడు. చదివి పొయ్యిలో పెట్టు.

నేనే. నీకు అబద్ధం చెప్పలేను.

పుర్రచెయ్యి, ఎడమకాలు ఈడ్చే నడక అనగానే మనిషి కళ్ళ ముందు నిలబడ్డాడు. ఆ కోతమిషను మీద ఆయనతో రెండేళ్ళు పనిచేశాను. నాకు బీడీ కాల్చడం నేర్పింది కూడా ఆయనే. అయినా నా గుండె కరగలేదు. గేటు దాటి వెళ్ళేవాడి చెవిలో ఒక్క మాట వేశాను. చెయ్యి మాత్రమే అన్నాను. ప్రాణం తియ్యమనలేదు. ఒట్టు. వాళ్ళకి కట్టు కట్టే తెలివి కూడా లేదు, వెధవలు.

అసలువాడు అయస్కాంతమేనని నాకు తెలియదా? ఆయన దాకా నా చెయ్యి చేరదు. అందిన చెయ్యిని విరిచాను. నీ భుజం విరిచింది, నిన్ను తన్నింది, ఆ కుర్రాడి కన్ను తీసింది ఆ మనిషేనా కాదా? ఆయనకి కూతురుంటే నేనేం చెయ్యను? నాకూ అక్క ఉంది.

ఇప్పుడు అసలు మాట విను. ఆ పిల్ల ప్రశ్నలు ఆపించు. ఊరంతా తిరిగి అడుగుతోందట, ఎవరు గేటు వేశారు, ఎవరు మీట నొక్కారు అని. మావాళ్ళు బెదిరిపోతున్నారు. బెదిరినవాళ్ళు నా మాట కూడా వినరు. రేపు ఆ పిల్లని ఏ కాలవ గట్టునో గొంతు నులిమి పడేస్తే, అది నా ఖాతాలో వెయ్యకు. నీకే చెబుతున్నాను. నువ్వు చెబితే అది వింటుంది. తమ్ముడికి ఏమీ తెలియదని చెప్పు, నమ్ముతుంది. నిన్ను దేవతలా చూస్తుంది కదా.

వానలకి వచ్చేస్తాను. నీ షెడ్డుకి కాపలా ఉంటాను. నేను గుమ్మంలో కూర్చుంటే అయస్కాంతం కాదు, వాడి తాత కూడా అటు రాడు. పిల్లలకి నువ్వు చెప్పే పాఠాలు నేనూ వింటాను. నాకు కూడా బల్బు వెలిగించడం నేర్పు. ఈ ఒక్కటి కడుపులో దాచుకో అక్కా.

తమ్ముడు


ఇల్లు,
సోమవారం

తమ్ముడూ,

పొయ్యిలో పెట్టలేదు.

నీళ్ళసీసాతో వచ్చినవాడు ఇంకా కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే చదివాను. పరీక్ష ఫలితం రేపు వస్తుందని వాడికి చెప్పి పంపేశాను. ఆ పూటంతా ఒక్క సీసా కూడా కడగలేదు. నువ్వు చెప్పినట్టు చేద్దామా అని కూడా అనుకున్నాను. దాన్ని పిలిచి, తల నిమిరి, మా తమ్ముడు మంచివాడమ్మా అంటే అయిపోయేది. నిన్ను నా ఒళ్ళో వేసుకుని పెంచాను, నీ కోసం అబద్ధాలాడటం నాకు కొత్త కాదు. కానీ కాలవ గట్టు అని రాశావు చూడు, ఆ ముక్క నన్ను లేపి నిలబెట్టింది. ఒక మనిషిని చంపించి, వాడి కూతురి చావు కబురు కూడా నా చేతికే ఇచ్చావు.

నిన్న ఆదివారం షెడ్డుకి వెళ్ళాను. పిల్లలందరూ వచ్చారు. తూనీగ కూడా ఒంటికంటితో వచ్చాడు. ఎందుకమ్మ వెనక బెంచీ మీద కూర్చుంది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరాలు దాని మీద పెట్టి చెప్పాను. నా తమ్ముడు జైల్లో ఉన్నాడని, ఎందుకున్నాడో, మీ అందరికీ ఎందుకు దాచానో, మీరు కనిపెట్టినదాన్ని గొప్పగా చెప్పుకోవాలనే ఉబలాటంతో ఎవరికి రాయించానో, ఎవరి చేత రాయించానో అన్నీ చెప్పాను. ఆఖరి ఉత్తరం పైకి చదివాను. కాలవ గట్టు దాకా చదివాను. తూనీగ నా చేతిలోంచి తీసుకుని మిగతాది చదివాడు.

ఎవరూ తిట్టలేదు. పద్ధతి అది కదా. ఎందుకమ్మ లేచి అడిగింది. నేను కలం ఆపినప్పుడు మీకు ఏమనిపించింది అంది. ఒంట్లో బాగాలేదనుకున్నాను అన్నాను. మీ తమ్ముడి ఉత్తరంలో ఆశీస్సులు నాకు చెప్పినప్పుడు మీరు నవ్వారు, ఎందుకు నవ్వారు అంది. సంతోషమేసింది అన్నాను. అడిగినవాటికల్లా జవాబు చెప్పాను. అప్పుడు అది మూల ఉన్న కర్ర తీసుకుంది, గోనెసంచిని బాదిన కర్రే. నా మీదికి వస్తుందనుకున్నాను, తప్పుకోలేదు. అది సంచిని కొట్టింది. సంచి చిరిగి ఇసకంతా కారిపోయేదాకా, అరచేతులు చిట్లి కర్ర ఎర్రబడేదాకా కొట్టింది. ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత అందరం ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాం. ఉత్తరాలిచ్చాను. నువ్వు రాసినవేనని సంతకం పెట్టాను. నీ మీద హత్య కేసు పెడుతున్నారు, వానలకి నువ్వు రావు. కోర్టులో సాక్ష్యం చెప్పేది నేనే. నీళ్ళసీసా వాణ్ణీ, ఇంకో ముగ్గుర్నీ ఇవాళ పొద్దున్న పట్టుకున్నారు. తండ్రి చెప్పినదంతా ఎందుకమ్మ రాసిచ్చింది. ఆయన బతికుండి చెప్పినంత బలం దానికి ఉండదట. అయస్కాంతం ఇంకా బయటే తిరుగుతున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక పోలీసుని పిల్లల వెంట పెట్టారు.

నిన్ను చీదరించుకోవాలని రాయడం లేదు. నా పేగు కోసుకున్నట్టుంది. నువ్వు పన్ను ఊడి నవ్వుతున్న ముఖమే కనిపిస్తోంది.

స్టేషను నుంచి తిరిగి వస్తుంటే ఎందుకమ్మ నా పక్కన నడిచింది. చేతులకి గుడ్డ చుట్టుకుంది. షెడ్డు దగ్గర ఆగి తాళం అడిగింది.

"తాళం ఇవ్వండి ల్యాబక్కా. పిల్లలు ప్రతి ఆదివారం వస్తారు, నేను చూసుకుంటాను. మీరు మాత్రం రావద్దు."

ఎందుకు అని నేను అడగలేదు. తాళం ఇచ్చాను.

నువ్వు గుమ్మంలో కాపలా కూర్చుంటానన్నావు. ఎప్పుడు విడుదలైనా సరే, మనిద్దరం ఆ గుమ్మం తొక్కకూడదు.

అక్క